నలభై ఎనిమిది బోల్టులు

గోదా అంటే మా వైపు ఎర్రమన్ను,
నూనె, మజ్జిగ పోసి మెత్తగా తవ్విన మన్ను.
గ్రిమ్స్‌బీలో గోదా అంటే
పద్దెనిమిది చెక్కపలకలు, నాలుగు ఇనుప స్తంభాలు,
నలభై ఎనిమిది బోల్టులు.
శనివారం సాయంత్రం నాలుగింటికి బిగిస్తాను.
రాత్రి పదకొండింటికి విప్పి లెక్కపెడతాను.
జీతం లేదు. టీ ఇస్తారు,
ఎవరు గెలుస్తారో ముందే చెబుతారు.

క్లిఫర్డ్ బ్రాకల్స్‌బీని నేను చూడలేదు.
చేపలు కోసే మనిషి, ఎడమచేతికి మూడున్నర వేళ్లు.
సముద్రం తగవులో ఐస్‌లాండ్ గెలిచి
పడవలు రేవులోనే తుప్పు పడుతుంటే
పనిలేని తాళ్ల చుట్టను కాలితో తన్ని అన్నాడట:
"చేపల్ని లాగినవి, మనుషుల్ని ఆపలేవా?"
అలా మొదలైంది కోల్డ్ డాక్ రెజ్లింగ్,
మంచు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో.
నలభై ఒక్కమంది, ఒక కుక్క.
కుక్కకీ టికెట్టు కొట్టారని
ఈనిడ్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

ఛాంపియన్ బెల్టుకి బంగారం ఎక్కడిది?
మునిగిన పడవ కిటికీ చట్రం, ఇత్తడి.
చింతపండు దొరకని ఊళ్లో
వెనిగర్‌తో తోముతారు.

తర్వాతి చరిత్ర ఈనిడ్ చెప్పినట్టే రాస్తున్నాను,
తేదీలు ఆవిడవి, తప్పులూ ఆవిడవే.
టీవీలో కుస్తీలు ఆపేసిన ఏడు జనం సగమయ్యారు.
తొంభై నాలుగులో వాటాదారు నార్మన్ స్కెల్టన్
రాత్రికి రాత్రి గంటనీ, రెండు తాళ్లనీ, సొంత తమ్ముణ్నీ తీసుకుని
క్లీథోర్ప్స్‌లో పోటీ దుకాణం పెట్టాడు.
పదకొండు నెలలు రెండు బెల్టులు, ఇద్దరు ఛాంపియన్లు,
అదే ఇరవైమంది జనం
బస్సెక్కి అటూ ఇటూ.
చివరికి తాళ్లు తిరిగొచ్చాయి. తమ్ముడూ వచ్చాడు.
గంట రాలేదు.
ఇప్పటికీ మేం కొట్టేది పెనం.

"అంతా నాటకమేగా" అంటాడు మా చేపల ఫ్యాక్టరీ సూపర్వైజర్.
అవును, పడేది ఎవరో ముందే ఒప్పందం.
నేల ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు.
డానుటా వీపు మీద పడితే ఆ అదురు
నా బోల్టుల్లోంచి నా మడమల దాకా వస్తుంది.
పట్టు ఆర్నెల్లలో వస్తుంది.
విడుపుకే ఏళ్లు పడుతుంది:
నమ్మి నీ చేతుల్లో తలకిందులైన మనిషిని
పగవాడిలా పళ్లు నూరుతూనే
మెడ నలగకుండా దించడం.

డానుటా బళ్లో మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తుంది.
శనివారం ముఖానికి నలుపు పూసుకుని బాల్టిక్ రాకాసి అవుతుంది.
ఆమె చేతి బంగాళాదుంపలు తినే పిల్లలే
గొంతు చించుకుని ఛీ కొడతారు.
ఎవరు గట్టిగా అరిచారో గుర్తుపెట్టుకుంటుంది,
సోమవారం వాళ్లకి ఇంకో గరిటె.

ఇప్పుడు నడిపేది క్లిఫర్డ్ మనవరాలు టామ్సిన్.
మెథడిస్టు చర్చి హాలు, గంటకి ముప్పై ఆరు పౌండ్లు,
బీమా రెట్టింపు, వ్యానుకి మూడో గేరు పడదు.
పోయిన నెల తుఫాను రాత్రి
కలబడాల్సినవాళ్లు పద్నాలుగుమంది,
చూడాల్సినవాళ్లు పదకొండుమంది.
టామ్సిన్ కుర్చీలు లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది,
పెనం కొట్టమంది.
వంతు రానివాళ్లు ముసుగులతోనే వచ్చి
ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు,
ఒకళ్లనొకళ్లు మనసారా తిట్టుకున్నారు.
ఎనభై మూడేళ్ల ఈనిడ్
హ్యాండ్‌బ్యాగుతో డానుటాకి రెండు తగిలించి
విరామంలో ఆ మోకాలికే మంచుగడ్డ పెట్టింది.
మిగిలింది ఇరవై రెండు పౌండ్లు. డీజిలుకి పోయాయి.

వచ్చే ఏడు ఉంటుందా అని ఎవరూ అడగలేదు.
వానలో పలకలు వ్యానెక్కించాం.
నలభై ఏడు బోల్టులే తేలాయి.
గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ మోకాళ్ల మీద పాకుతూ
బెంచీల కింద టార్చి కొట్టి వెతికారు.

సోమవారం తెల్లారకముందే
ఫ్యాక్టరీ గేటు దగ్గర మెటల్ డిటెక్టరు
నన్ను చూసి కూత పెట్టింది.
జేబులు దులపమన్నాడు సూపర్వైజర్.
గ్రీజు, తుప్పు, బొటనవేలంత ఇనుము.
ఏమిటిదన్నాడు.
గోదా అన్నాను.
అర్థం కాలేదు.
పుస్తకంలో రాసుకున్నాడు: బోల్టు, ఒకటి.