నెత్తళ్ల రంగు

మూడు వారాలుగా కుడి భుజం నొప్పన్నాడు.
ఉప్పు బస్తాలు మోసే భుజం కదా అని
ఒకరు పట్టు వేశారు, ఒకరు తైలం రాశారు.
భుజం అబద్ధమాడలేదు,
కాకపోతే అది చెప్పింది తన మాట కాదు.
కింద డయాఫ్రం అంచున కార్జం నలుగుతుంటే
కింది వాటా గొడవకు
పై వాటా తలుపు చప్పుడైంది.

బూయ్ వాన్ ఖియెమ్. నలభై ఏడు.
ఫాన్ తియెట్ రేవులో పనస చెక్క పీపాల యజమాని.
పీపాకి ఆరు టన్నుల నెత్తళ్లు, సరిపడా ఉప్పు, ఏడాది ఓపిక.
రాత్రి రెండింటికి ట్రక్కు వెనక చాప మీద
మోకాళ్లు ముడుచుకుని వచ్చాడు.
దారిలో గతుకులు లెక్కపెట్టానన్నాడు,
పద్నాలుగు.

చేయి వేశాను. పొట్ట పీట చెక్క.
తొమ్మిదో పక్కటెముక సందున వేలు ఆనిస్తే
మనిషి మంచం మీంచి లేచిపోయాడు.
నాడి నూట ముప్పై, పై బీపీ ఎనభై.
అపెండిక్సేమో అన్నాడు కొత్తగా వచ్చిన థుక్,
కాదు కాదు, అల్సర్ పగిలిందేమో అన్నాడు.
జెల్లు రాసి కుడి డొక్కలో ప్రోబ్ ఆనించాను.
బూడిద రంగు కాలేయంలో ఒక నల్లటి మడుగు.
దాని గట్టు ఒకవైపు తెగింది.
కిడ్నీ పక్కన, ఉండకూడని చోట, నీళ్లు.

తెగకముందైతే సూదితో పోయేది.
చర్మంలోంచి సన్నటి గొట్టం, ఒక సంచీ, కాస్త ఓర్పు.
ఈ మాట అతనికి చెప్పలేదు.
రాత్రి రెండింటికి ఎవరికైనా
మొన్నటి గురించి చెప్పి ఏం లాభం?

సంతకం పెట్టింది భార్య న్యాన్.
వేళ్ల సందుల్లో ఉప్పు కోసిన గాట్లు.
ఒక్కటే అడిగింది: "వాసనుందా?"
ఇంకా తెరవలేదమ్మా అన్నాను.

నడి పొట్ట మీద నిలువు గీత.
సక్షన్ గొట్టం గుటకలు వేసింది,
లీటరున్నర, ఎర్ర గోధుమ రంగు, చిక్కన.
"అచ్చం పుస్తకంలో రాసినట్టే, నెత్తళ్ల..."
మాస్కు పైన నా కళ్లు చూసి ఆపేశాడు థుక్.
గోడకవతల నెత్తళ్ల మనుషులు కూర్చున్నారు.
పీపా మూత ఎన్నడూ ఎత్తని డాక్టరెవరో
వాళ్ల అన్నం పేరు తీసుకెళ్లి
చీముకు పెట్టాడు.

బోలులో వేలు పెట్టాను.
గోడలు గీకకూడదు.
అమీబా ఉండేది ఆ అంచుల్లోనే, బతికున్న కండ దగ్గర.
రక్తనాళాలూ అక్కడే, తెగడానికి సిద్ధంగా.
అడుగంటిన గిన్నెని గీకితే మసే వస్తుంది.
లోపలి అరలు మెల్లగా విడదీసి వేలు వెనక్కి తీశాను.
గోరువెచ్చని సెలైన్, తొమ్మిది లీటర్లు,
పేగుల మడతల్లో, ప్లీహం వెనక, కటి గుంటలో,
నీళ్లు నీళ్లలా వచ్చేదాకా.
రెండు గొట్టాలు: ఒకటి బోలులో, ఒకటి కార్జం కింద.
బయటికొచ్చాక సీసా మూత తీసి వాసన చూశాను.
ఏమీ లేదు.

న్యాన్‌కి అదే చెప్పాను.
మంచి కబురే, అమీబాది, మందుకు లొంగుతుంది అన్నాను.
ఆమె మొహం తేలికపడలేదు.
"మా పీపా ఒకటి చెడితే సందంతా తెలుస్తుంది డాక్టరమ్మా.
వాసన రాకుండా కుళ్లేదాన్ని
ఎట్లా పట్టుకునేది?"
భుజం, అందామనుకున్నాను. అనలేదు.

ఆరో రోజు. సంచీలో నలభై మిల్లీలీటర్లు, పలచన.
జ్వరం లేదు. గంజి చప్పగా ఉందని అలిగాడు.
దిండు కింద నుంచి చిన్న సీసా బయటికొచ్చింది,
వాళ్ల పీపా మొదటి ధార.
కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి
"రంగు చూడండి" అన్నాడు గర్వంగా.
చూశాను.
మంచం కింద సంచీ వైపు చూడకుండా చూశాను.
నా అరచేతిలో ఒక చుక్క వేశాడు.
ఒక్క క్షణం ఆగాను, థుక్ కూడా నావైపే చూస్తున్నాడు.
నాకాను.
ఉప్పు, ఎండ, పన్నెండు నెలలు.
గొట్టాలు రేపు తీద్దాం అన్నాను.