గొడ్డలి కోణం

ఎవొరా ఆసుపత్రి, మూడో అంతస్తు, మంగళవారం.
బెల్మీరో కుడిచెయ్యి అతని ఒళ్ళో పడుకుని ఉంది
ఎవరి బిడ్డనో కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్ళినట్టు.

నాలుగేళ్ళ కింద, కార్క్ చెట్టు మీంచి జారినప్పుడు
ఒంటిచేత్తో కొమ్మ పట్టుకున్నాడు.
కొమ్మ వదల్లేదు. చెయ్యీ వదల్లేదు.
మెడ దగ్గర నరాలు వదిలేశాయి
వేళ్ళతో సహా, తడినేలలో ముల్లంగిలా.

ఇప్పుడా చేతిమీద సూది గుచ్చినా తెలీదు.
రాత్రి రెండింటికి మాత్రం
ఆ మొద్దు గోళ్ళ కింద ఎవరో నిప్పు రాజేస్తారు.
లుదోవినా పక్కగదిలో పడుకుంటోంది,
కోపంతో కాదు,
తను వింటుంటే అతను మూలగడానికి సిగ్గుపడతాడని.

సలుపు, పోటు, తీపు, చురుకు.
నా ఫారంలో గళ్ళున్నాయి. దేనికీ టిక్కు పెట్టడు.
సున్నా నుంచి పదిదాకా ఎంత, అంటాను.
"ఆగస్టు" అంటాడు.
ఎనిమిది వేసుకుంటాను.

మొదట మంచు చూపించాం.
తలకు పట్టీ బిగించి, కళ్ళకు అద్దాల డబ్బా తొడిగి
నీలపు లోయలోకి దింపాం.
"నేను మంచెప్పుడూ చూళ్ళేదు, ఇదలీనా.
ఎరగని చలి నా మంటనెలా ఆర్పుతుంది?"
తర్వాత సముద్రం. చేపలు చుట్టూ తిరిగాయి.
చెయ్యి కాలుతూనే ఉంది.

అప్పుడు మా టెల్మో, గొడ్డలి ఎరగని లిస్బన్ కుర్రాడు,
మూడు వారాలు కూచుని కంప్యూటర్లో ఒక తోట వేశాడు.
బెరడు వలిచిన బోదెలు, పచ్చిపుండు ఎరుపు.
ఒక్కోదాని మీదా తెల్లరంగుతో
వలిచిన ఏడాది చివరి అంకె,
తొమ్మిదేళ్ళు నన్ను ముట్టుకోకండి అన్నట్టు.
ఇక్కడ ఎడమచెయ్యి కదిపితే
అక్కడ కుడిచెయ్యి లేస్తుంది.

లేచింది.
బెల్మీరో ఊపిరి బిగబట్టాడు. నేనూ.

"ఎవడ్రా ఈ చెట్టు చేసింది?
ఇంత నిటారుగా దించితే లోపొర తెగి చెట్టు చస్తుంది!
వాలు, వాలు చూడు.
ఇదేం చప్పుడు, అప్పులవాడు తలుపు కొట్టినట్టు?
బెరడు విడిచేప్పుడు గుడ్డ చింపినట్టుండాలి.
అంకెను అంత కిందా రాసేది?
గొర్రెలు చదువుకుంటాయా?"

తిట్టాడు, చెమట పట్టేదాకా తిట్టాడు.
టెల్మో తలొంచుకుని రాసుకున్నాడు.
గోడ గడియారంలో పదకొండు నిమిషాలు.
ఆ పదకొండులో ఒక్కసారీ దవడ బిగించలేదు.
"ఇప్పుడెంత?" అన్నాను.
"ఏది?" అన్నాడు.

డబ్బా తీశాక
నొప్పి గుమ్మంలోనే ఉంది
చెప్పులు కాపలా కాసే కుక్కలా.
లేచి, ఒళ్ళు విదిలించుకుని
అతని వెంటే మెట్లు దిగింది.

రిపోర్టులో గొప్పలు రాయను.
కొందరికి పనిచేస్తుంది, కొందరికి వాంతి వస్తుంది.
మెదడుకు పోయిన చెయ్యి దొరికిందంటారు,
కాదు, ధ్యాస మళ్ళిందంటారు.
నేను చూసింది ఇంతే:
అక్కడొక తప్పుంది,
దాన్ని దిద్దగలవాడు ఆ గదిలో అతనొక్కడే.

మళ్ళీ మంగళవారానికి
టెల్మో వాలు సరిచేశాడు, చప్పుడు సరిచేశాడు.
అంకె దగ్గరికొచ్చేసరికి నేనే ఆపాను.
గొర్రెల ఎత్తులోనే
ఉండనివ్వమన్నాను.