నాలుగో రూలు

పొద్దుగాల ఐదున్నరకు
బాలసముద్రం పార్కు తాళం తీసేది నేను,
ఓదెమ్మను.
పద్మాక్షి గుట్ట అప్పటికింకా నల్లగనే ఉంటది.
నా చీపురు కంటె ముందు లేసేది
గోరింకలు, నడక సార్లు.

గేటు కాడ బోర్డున్నది.
నాకు సదువు రాదు గని
తుడిసి తుడిసి నోటికొచ్చింది.
పూలు తెంపొద్దు. ఉమ్మొద్దు. బండ్లు తేవొద్దు.
నాలుగోది కుక్కల ముచ్చట:
గొలుసు ఇడువొద్దు,
కుక్క చేసింది కుక్కగల్లోళ్ళే ఎత్తాలె,
లేకుంటె ఐదువందల జుర్మానా.
ఎండకు రెండు సున్నలు పెచ్చులూడి రాలినయి,
ఇప్పుడు ఐదు రూపాలే.
ఆ ఐదు గూడ
ఒక్కని జేబులకెల్లి రాలలే.

కరుణాకర్ డాక్టరు కారు ఆగుతది.
ముందు సీట్లకెల్లి బ్రూనో దుంకుతది,
దూడంత కుక్క, మొక్కజొన్న పీసు రంగు బొచ్చు.
గొలుసు లేదనొద్దు, ఉంటది,
సారు మెడల, దవాఖాన్ల గొట్టం ఏసుకున్నట్టు.
కుక్క గడ్డిల, సారు ఫోన్ల.
అది నడుం వంచి కూసున్నప్పుడే
సారుకు గుట్ట మీద ఆకాశం
ఎన్నడు లేనంత మంచిగ కనవడ్తది.

ఒకపారి అడిగిన.
"ఎరువమ్మా, చెట్లకు బలం" అన్నడు.
పెంట కుప్పల పక్కన పెరిగిన దాన్ని సారూ,
ఎరువేదో నాకు చెప్తున్నరా?

గేటు బయట ఒక ఎర్రకుక్క ఉంటది.
ఎవ్వలిది కాదు.
లోపలికి ముక్కు పెడ్తె చాలు
సూపర్‌వైజర్ రాయందుకుంటడు,
నాలుగో రూలు దానికొక్కదానికే
మంచిగ వర్తిస్తది.

బ్రూనో మీద నాకు కోపం లేదు.
దూరం కెల్లి నా చీపురు సప్పుడు విని
తోకాడిచ్చుకుంట ఉరికొస్తది.
ఆరేండ్ల సంది సారుకు
నా పేరు తెల్వదు.

ఇగ జహీరుద్దీన్ సాబు.
లష్కర్ బజార్ల షేర్వానీలు కుట్టిన చేతులు,
ఇప్పుడు సూదిల దారం ఎక్కది.
సుగరుకు మంచిదని
ఒట్టి కాళ్ళతోని పచ్చగడ్డి మీద నడువుమని
చీటి మీద రాసిచ్చింది ఈ డాక్టరే.
అప్పుడు సాబు కాళ్ళకు మంచు సల్లదనం తెలుస్తుండె.
రెండేండ్లాయె. ఇప్పుడేం తెల్వది.
అయినా చెప్పులు బెంచి కింద జతగ పెట్టి
అలిఫ్ గీసినట్టు నిటారుగ నడుస్తడు.

మొన్న శుక్రవారం
తొక్కిండు.
తొక్కిన సంగతి తెల్వక
ఇంకో నాలుగు చక్కర్లు కొట్టిండు.
నేను ఉరికి చెప్పిన.
పాదం ఎత్తి చూసుకొని
"మాఫ్ కర్‌నా బేటీ" అన్నడు నాతోని,
ఏదో తనే తప్పు చేసినట్టు.
నల్లా ఆరున్నరకే బందైతది.
నా సీసల నీళ్ళు పోసిన.
ఏళ్ళ సందుల నేను తోముతాంటె
సాబు అటు దిక్కు చూసుకుంట
లోపల లోపల ఏదో సదువుకున్నడు.

తెల్లారి,
బాదం చెట్టు కింద పెద్ద ఆకు ఏరిన,
ఎర్రది, కొత్తది, నెర్రెలు లేంది.
బ్రూనో లేసిన జాగల వెచ్చ వెచ్చగ ఎత్తి
నాలుగు దిక్కుల మడిచి
పుల్ల గుచ్చిన.
కారు డోరు తీస్తున్న సారు కాడికి పోయి
"సారూ, మీదేదో మర్శిపోయిండ్రు" అన్న.
ఫోన్ల నుంచి తలెత్తకుంటనే
చెయ్యి చాపిండు.

ఏమన్నడో చెప్పను.
గోరింకలు లేసిపోయినయంటే
మీరే అర్థం చేసుకోరి.
ఎర్రకుక్క మాత్రం
చెవులు నిక్కబొడిచి కూసున్నది.

మూడొద్దులాయె,
సారు కారు ఈ గేటు కాడ ఆగుతలేదు.
వెనుక గేటు కెల్లి వస్తున్నడట,
వాచ్‌మన్ మల్హల్‌రావు నవ్వుకుంట చెప్పిండు.
రానియ్యి.
అటు దిక్కు బాదం చెట్లు
ఇంకా ఎక్కువ.