నాలుగో పోత

వేట నిషేధం రోజుల్లో
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద చిరిగిన వలల్ని గుట్ట పోస్తారు.
మేం కిలో లెక్కన కొంటాం.
ఆటోనగర్ చేరేసరికి వాటితో పాటే దిగుతాయి
సీసపు గుండ్లు, గవ్వ పెంకులు,
ఎండి అట్టకట్టిన నాచు,
ఒకసారి ఎవరిదో చంటిపిల్ల చెప్పు.

నేను సూరాడ కుర్మయ్య కొడుకుని.
ఆయన ఈ వలల్ని నీళ్ళలోకి విసిరాడు,
నేను మిషను తొట్టిలోకి.

కడగడం, కోయడం ఎవరైనా చేస్తారు.
ఆరబెట్టడమే పని.
నైలాన్ గాలిలోంచే నీళ్ళు తాగుతుంది,
మన విశాఖ గాలి సంగతి తెలిసిందే,
వంటింట్లో ఉప్పుడబ్బా మూత తీసి చూడండి.
ఎనభై డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచాలి.
తొందరపడి తడితో పోశామా,
రెండొందల నలభై దగ్గర ఆ తడే కత్తెరవుతుంది.
కంటికి కనపడని పొడుగాటి గొలుసుల్ని
ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది.
అప్పుడు దారం రాదు.
బుడగలు చిటపటలాడుతూ
జలుబు చేసిన ముక్కులా కారుతుంది.

ఎంత బాగా ఆరబెట్టినా
పోతపోతకీ కొంత తెగుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.
మొదటి గింజలు ఉడికిన సగ్గుబియ్యంలా ఉంటాయి.
తర్వాత్తర్వాత
పాత పళ్ళసెట్టు రంగు.

ల్యాబ్‌లో నూకరత్నం
వేడి గొట్టంలోంచి పది నిమిషాల్లో ఎంత జారిందో తూస్తుంది.
ఎంత సులువుగా జారితే అంత చెడ్డ కబురు.
ఆ అమ్మాయి నోటితో చెప్పదు,
కాగితం బోర్లించి వెళ్ళిపోతుంది.
మేనేజరు అప్పలనరసింహం గారు
బోర్లించిన కాగితాన్ని అలాగే ఉండనిచ్చి
"కొత్త గింజ ముప్పై పాళ్ళు కలిపెయ్" అంటాడు.

కలిపేశాను.

దువ్వాడలో ఎవరో కుర్చీకాళ్ళు పోయించుకున్నారు.
మూడు నెలలకి లారీ వెనక్కొచ్చింది.
విరిగిన చోటు వేలితో తడిమాను.
సాగి తెగలేదు, కుండపెంకులా పగిలింది.
విరిగినవీ, అచ్చుల్లో మిగిలినవీ
మళ్ళీ మళ్ళీ నా తొట్టిలోకే వచ్చిన సరుకది.
లెక్కేస్తే నాలుగో పోత.

ఒక తమాషా చెబుతాను.
అచ్చులోంచి అప్పుడే తీసిన ముక్క పొడిగా, పెళుసుగా ఉంటుంది.
వేణ్ణీళ్ళలో నానబెడితే
కొట్టినా వంగుతుందే గాని విరగదు.
కరిగేటప్పుడు ప్రాణం తీసే నీళ్ళే
గడ్డకట్టాక ప్రాణం పోస్తాయి.
నాలుగో పోత ముక్కని బకెట్లో వేసి
రాత్రంతా కాపలా ఉన్నట్టు కూర్చున్నాను.
పొద్దున్న సుత్తితో ఒక్క దెబ్బ.
రెండు ముక్కలు.
నీళ్ళకైనా పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

ఒక ముక్క జేబులో వేసుకుని పెదజాలారిపేట వెళ్ళాను.
మా మేనత్త గరివమ్మ
బొటనవేలికి వల తగిలించుకుని అతుకులేస్తోంది.
ముక్కని పంటికింద పెట్టి చూసింది.
"ఇది వలేట్రా?"
"ఒకప్పుడు, అత్తా."
"అన్నాన్ని నాలుగుమార్లు ఉడకేత్తే అన్నంగుంటాదేటి!"
కాసేపు మాట్లాడలేదు. నూలుకండె తిరుగుతూనే ఉంది.
"నానైతే ఒకే సోట మూడుపాలికంటే ముడెయ్యను.
ముడి గట్టిదేరా.
పక్కనున్న దారం సస్తాది."

ఆ మాట బస్సెక్కాక కూడా దిగలేదు.

ఇప్పుడు సంచి కట్టేముందు
మార్కరుతో ఒక అంకె రాస్తున్నాను,
లోపలున్నది ఎన్నో పోతో.
కొనేవాడు కుర్చీకాలు చేసుకుంటాడో,
బరువు మొయ్యని బొత్తాం చేసుకుంటాడో
వాడి ఇష్టం, తెలిసి చేసుకోనీ.

అప్పలనరసింహం గారు థిన్నరు పోయించి తుడిపించాడు.
మర్నాడు మళ్ళీ రాశాను.
మళ్ళీ తుడిపించాడు.

ఈసారి సంచిని తిరగేసి
లోపలివైపు రాశాను.