నలభై ఒకటో గుంట

గావ్రిల్ గారూ,
మీ నోటుపుస్తకం పట్టుకుని
మీరు తవ్విన చోటే మళ్ళీ తవ్వుతున్నాను.
రోడ్డు పక్క మూడో అక్రోటు చెట్టు నుంచి
పొద్దుతిరుగుడు చేలోకి రెండు వందల అడుగులు, అని రాశారు.
మూడో చెట్టు లేదు. మోడుంది.
అక్కణ్ణించే లెక్కపెట్టుకుంటూ నడిచాను.

1974, మే నెల.
నలుపు, ఎనభై రెండు సెంటీమీటర్ల దాకా.
వానపాములు ఇరవై మూడు.
మట్టి మిరియపు గింజలంత కణికలుగా రాలుతోంది.
ఆమ్లం చుక్కకి పొంగింది అరవై ఎనిమిది దగ్గర.
అభిప్రాయాలు అనే గడిలో ఒక అడ్డగీత.
చెప్పుకోడానికేమీ లేదన్నమాట.
ఆ అడ్డగీత మీద నాకెంత అసూయో!

నా పార మొదటి దెబ్బకి దిగలేదు.
పైన పెంకు కట్టింది నేల.
పాలమీద మీగడ అందామంటే మనసొప్పదు,
పుండు మీద పక్కు అనాలి.
పక్కు ఊడితే కింద పిండి.
లేచి నా కనురెప్పల మీద కూర్చుంది.

గుంట గోడ వెంట పైనుంచి కిందికి
ఆమ్లం చుక్కలు వేసుకుంటూ వచ్చాను.
ఇరవై. ఉలుకూ పలుకూ లేదు.
ముప్పై. లేదు.
ముప్పై తొమ్మిది దగ్గర సుయ్యిమంది.

సున్నం పైకొచ్చేసింది, గావ్రిల్ గారూ.
వాన కిందికి తోసి ఉంచినదాన్ని
ఎండ పైకి గుంజుతోంది.
పైనున్న నలుపునేమో గాలి పొట్టు చెరిగినట్టు చెరుగుతోంది.
ఎండ వాటా ఎంత, గాలి వాటా ఎంత
విడదీసి రాయమంటుంది మా శాఖ.
ఇద్దరు దొంగలు ఒకే రాత్రి పడ్డ ఇంట్లో
ఎవరేం పట్టుకెళ్ళారో ఎలా చెప్పను?

ఒక్కచోట మాత్రం,
అడుగున పసుపు మట్టిలో, పిడికిలంత నల్లటి మచ్చ.
ఎప్పుడో గుడ్డి ఎలుక తవ్వుకున్న బొరియ,
పాత నేల జారి నిండిపోయింది.
అది మీ నాటి నలుపు.
ఏం దాస్తోందో తెలియకుండానే దాచింది ఎలుక.

మీ పేజీ అంచున మరక ఉంది,
తడి వేలితో మట్టి అద్ది చూపించారు, ఆరిన కాటుకలా.
దాని పక్కనే నా వేలూ తడిపి అద్దాను.
పాలెక్కువైన కాఫీ.

"లోపలేం కనిపిస్తోంది, రుక్సాందా?"
గట్టు మీంచి జంఫీరా. చేను ఆమెదే.
కడుపు కోసిన డాక్టర్ని గుమ్మంలో ఆపి అడిగే గొంతు.
నేనింకా నోరు తెరవలేదు, తనే అంది:
"ఒక్క వానకి మా ఆయన ట్రాక్టరు
ఇరుసు దాకా దిగబడేది ఇక్కడ.
ఎన్ని తిట్లు తిట్టేవాడో ఈ బురదని!
ఇప్పుడు పింగాణీ పళ్ళెం మీద పడ్డట్టు పడి
జారి ఏట్లోకి పోతుంది వాన.
బతికుంటే ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకునేవాడు."

జీపులో పటం ఉంది, ఉత్తర మోల్దోవా,
మీరు వేసిన రంగులతోనే.
నలభై గుంటలైపోయాయి.
పెట్టెలో అన్నిటికన్నా ముదురు పెన్సిలు
ఈ ఏడాది ఒక్కసారీ చెక్కాల్సిన పని పడలేదు.

ఏ గుంట మన్ను ఆ గుంటకే సరి, అంటారు.
మీకైతే మిగిలిందట, కుప్ప పోశారట.
నాది పూడ్చేసరికి బెత్తెడు తక్కువొచ్చింది.
తవ్వినంతసేపూ గాలి పక్కనే ఉందిగా.

జంఫీరా ఏమీ అనకుండా వెళ్ళి
గొర్రెల దొడ్లోంచి తట్టెడు పెంట తెచ్చి
కుమ్మరించి, మడమతో అదిమింది.
దొరికిన నాలుగు వానపాముల్నీ
అరచేతిలోంచి అందులోకే వదిలాను.

అభిప్రాయాల గడి ఖాళీగానే ఉంది,
పెన్ను మూత నోట్లో పెట్టుకుని పేజీ తిప్పాను.
నలభై రెండో గుంట: చేపల చెరువుకి తూర్పున, అని మీ రాత.
దారి చెబుతుందేమోనని పైకే చదివాను.

"ఏ చెరువు?" అంది జంఫీరా.