ఈల

పలమనేరు దాటినాక, మల్బరీ తోట గట్టున
సిపాయి మునిరత్నం సమాధి.
ఇత్తడి పలకను చింతపండేసి తోమారు
తొమ్మిదో తరగతి పిల్లలు.
పేరు చివర చెరిగిన సున్నాను
నల్ల పెయింటుతో దిద్దింది షాహీన్.

బ్యూగిల్ సెల్లులో పెట్టబోతే
సిగ్నల్ లేదు.
ఊరికే నిలబడ్డారు.
ఎన్‌సీసీ సారు వాచీ చూసుకున్నాడు.

ఆకు గంప దించి, సిపాయి అక్క రెడ్డెమ్మ అనింది:
"మావోడికి ఆ పాటలేం తెల్సు నాయినా,
ఈలేస్తే మాత్రం
యాడుండే ఆవులైనా తిరుక్కోనొచ్చేటివి."

వెనక వరసలో గుణశేఖర్,
ఈలేసినందుకే మొన్న బెంచీ ఎక్కినోడు,
సారు వైపు చూశాడు.
సారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఈల.

గట్టు కింద
మునిరత్నాన్ని ఎన్నడూ చూడని పెయ్య ఒకటి
మేత ఆపి తలెత్తింది.