ఎనిమిదో గడి

మోంతెవిదేయోలో, రేవు క్రేన్ల వైపు తిరిగిన
పెన్షన్ల ఆఫీసు, మూడో అంతస్తు.
రాత్రి పదకొండుకి అందరూ వెళ్ళాక
మిగిలేది నేనూ, ఏసీ హోరూ, కోబాల్.
నా పని చిన్నది:
అది ఆగితే లేపడం,
అరిస్తే నెలిదాకి ఫోన్ చెయ్యడం.

నెలిదా ఎచెవెర్రీకి అరవై ఎనిమిదేళ్ళు.
రెండుసార్లు రిటైరైంది,
రెండుసార్లూ మేమే బతిమాలి తెచ్చుకున్నాం.
ఆమె పెన్షన్ని లెక్కగట్టేదీ ఆమె రాసిన ప్రోగ్రామే.
"తక్కువొస్తే తిట్టుకోడానికి ఇంకో మనిషి దొరకదు," అంటుంది.

మార్చిలో లెయాంద్రో వచ్చాడు.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
సంచీలో పైథాన్.
పదకొండు వేల వరుసల్ని
తడిబట్టలా పిండి ఆరొందలు చేశాడు.
కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా,
వాడు పాతని రోత అనలేదు, పాపం.
"బాగుంది గానీ, దీన్ని చదివేవాళ్ళు చచ్చిపోతున్నారు," అన్నాడు.
నెలిదా పక్కనే ఉంది.

నిజం ఒప్పుకోవాలి.
ఇరవై రెండేళ్ళుగా నేను కాపలా కాస్తున్న లెక్క
అసలేమిటో
వాడి ఆరొందల వరుసలు చదివిన మధ్యాహ్నమే తెలిసింది నాకు.

ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగింది:
"ఈ 'మొత్తం' అన్నావే, ఇది అంకెనా, పేరా?"
"ఏది పోస్తే అది."
"పోసేవాడు పొరబడితే?"
"నడిచేటప్పుడు తెలుస్తుంది."
"ఎవరికి?"
వాడు మాతే పీల్చాడు.
అడుగంటిన గొట్టం గుర్రుమంది.

ఆమె భాషలో అంకె పుట్టకముందే
దానికి ఇల్లు కట్టాలి:
ఏడు గడులు, ఒక చుక్క, రెండు గడులు.
గెలిచిందనుకున్నాను నేను.
ఆమే చెప్పింది మిగతాది, ఎవరూ అడక్కుండానే.
ధరలు మండిన ఏడాది
బకాయిలతో కలిపి ఒకాయనకి కోటి పెసోలు రావాలి.
ఎనిమిదో గడి లేదు.
ముందున్న ఒకటి గడప బయటే రాలిపోయింది.
ఉన్ని మిల్లులో ముప్ఫై ఏళ్ళు దారం వడికిన మనిషి
అన్నీ సున్నాలే ఉన్న చీటీ పట్టుకొచ్చి
కిటికీ దగ్గర నెమ్మదిగా అడిగాడట,
"నేను చచ్చిపోయానా, అమ్మా?"
నాలుగు రాత్రులు కూర్చుని గోడలు జరిపింది నెలిదా.

తొంభై రాత్రులు
పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడిపాం.
రెండు లక్షల మందికి పైసాతో సహా కలిసింది.
నలభై ఒక్కమందికి కలవలేదు.
ఒక్క సెంటెసిమో.
దాంతో అగ్గిపుల్ల కూడా రాదు.

లెయాంద్రో తన తప్పేననుకున్నాడు. వారం రోజులు వెతికాడు,
గడ్డం పెరిగింది.
చివరికి దొరికింది ఆమె వరుసల్లో, ఎనిమిది వేల చిల్లర దగ్గర:
సగం మిగిలితే పైకి.
క్యానరీ భార్యలకి మాత్రమే, 
మాంసం డబ్బాల ఫ్యాక్టరీలో మొగుళ్ళు పోయినవాళ్ళకి.

"ఇది చట్టంలో లేదు."
"లేదు."
"మరి ఎవరు చెప్పారు?"
ఆమె క్రేన్ల వైపు చూసింది.
"ఎవరూ చెప్పలేదు.
అడిగితే జవాబు చెప్పే రోజులు కావవి.
చేతిలో అర సెంటెసిమో ఉంది, వేశాను."

కొత్తది పాతదాని చోటు తీసుకోగలదా,
ఒక్క వాక్యంలో రాసివ్వమన్నాడు డైరెక్టరు.
ఆ కాగితం ఇంకా నా సొరుగులో తెల్లగానే ఉంది.

ఆ నలభై ఒక్కమందిలో
ఇప్పుడు ఎంతమంది బతికున్నారో చూశాడు లెయాంద్రో.
చూసి, మళ్ళీ కూర్చున్నాడు.
వాడి భాషలో దానికి రెండే వరుసలు పట్టాయి.
కారణం రాయడానికే గంట పట్టింది.
రాసి కొట్టేశాడు, రాసి కొట్టేశాడు.
తెల్లారుజామున చూస్తే తెర మీద ఇంతే ఉంది:
నెలిదాని అడగండి.
పక్కన ఆమె ఇంటి నంబరు,
ఎనిమిది అంకెలు.
ఈసారి చోటు సరిపోయింది.